ఉమ్మడి గోడకి రెండు వైపులా

పాత పేటలో ఆ వరసిళ్ళు కట్టించిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన మీద రెండు వాదాలున్నాయి. పిసినారి అన్నది ఒకటి, మేధావి అన్నది రెండోది. ఆరిళ్ళు విడివిడిగా కడితే పక్కగోడలు పన్నెండు లేవాలి. ఆయన ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ పెట్టి, ఏడింటితో పని కానిచ్చాడు. మిగిలిన ఐదు గోడల ఇటుకా సున్నమూ ఏమయ్యాయో చరిత్ర చెప్పదు. వీధి చివర ఆయన కట్టుకున్న మేడ మాత్రం చాలాకాలం నిలిచింది.

ఆ పొదుపు పుణ్యమా అని ఆ వీధికి ప్రత్యేకమైన నాగరికత ఒకటి అబ్బింది. గోడ ఇద్దరిదీ. ఇటువైపు మేకు కొడితే అటువైపు అద్దం ఊడిపడుతుంది. అంచేత మేకు కొట్టబోయేవాడు ముందు వేలి కణుపులతో గోడని మూడుసార్లు తట్టాలి. అవతలివాళ్ళు తమ సామాను దింపుకునో, చేత్తో పట్టుకునో, తిరిగి రెండుసార్లు తట్టాలి. ఆ తర్వాతే సుత్తి ఎత్తాలి. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు అతిక్రమించి ఉండేవారు. ఒకప్పుడు ఒకావిడ మొగుడి మీదికి చెంబు విసరబోతూ కూడా అలవాటు కొద్దీ గోడ తట్టి జవాబు కోసం ఆగిందనీ, ఆ సందులో ఆయన వీధిలోకి పరిగెత్తి ప్రాణం దక్కించుకున్నాడనీ చెప్పుకుంటారు.

ఈ కథ మూడో ఇంటి పటాలాయనది. పేరుంది, కానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. తాతగారి నాటినుంచీ ఫొటోలకి చట్రాలు కట్టడమే పని. చట్రానికి చెక్క బద్దీలు కోయడం, మూలలు కలపడం, వజ్రపు ములుకుతో అద్దం గీసి పుటుక్కున విరవడం, వెనక అట్ట వేసి చిన్న చీలలు దిగ్గొట్టడం. ముందుగదే దుకాణం. పేటలో పోయినవాళ్ళందరూ ఆయన చేతి మీదుగానే గోడెక్కారు. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ కన్నెత్తి చూడని పెద్దమనుషుల్ని కూడా, పోయాక తిన్నగా కనిపించాలని ఇంటిల్లిపాదీ పట్టుబట్టేవారు. వీధిలో ఆయన ఎవరినైనా కాస్త తేరిపార చూస్తే చాలు, వాళ్ళు గట్టిగా దగ్గి, చేతులూపుకుంటూ నడిచి, తాము నిక్షేపంగా ఉన్నామని రుజువు చేసుకునేవారు.

నాలుగో ఇంట్లో గడియారాలు బాగుచేసే బావ ఉండేవాడు. పటాలాయన అక్కని చేసుకున్నది ఆయనే. అక్క మూడో ఇంట్లోంచి నాలుగో ఇంటికి కాపురానికి వెళ్ళింది. పేట చరిత్రలో అంత తక్కువ దూరం ప్రయాణించిన పెళ్ళికూతురు లేదు. అయినా వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, కూతుర్ని ఓడెక్కిస్తున్నట్టు భోరుమంది.

"ఊరుకోవే అమ్మా," అంది అక్క. "గోడ తట్టు, పలుకుతాను."

ఉమ్మడి గోడకి బావ వైపు నిండా గడియారాలే. పెద్దవీ చిన్నవీ, నడిచేవీ మొండికేసినవీ. వాటి టిక్కుటిక్కు ఇటువైపు పటాలాయన దుకాణంలోకి వచ్చేది. ఆ చప్పుడు మీదే ఆయన రంపం లాగేవాడు. పగలల్లా ఆ గోడకి అటొకరు ఇటొకరు పని చేసుకుంటూ, సాయంత్రం అరుగుల మీద కూర్చుని ఒకరినొకరు పీక్కుతినేవారు.

"ఏరా బామ్మర్దీ, ఇవాళ ఎవర్ని గోడెక్కించావు?"

"నీకు తొందరగా ఉంటే చెప్పు బావా. మంచి టేకు బద్దీ ఒకటి నీకోసమే పక్కన పెట్టాను."

"నీ పటం నాకొద్దు. నువ్వు కట్టినవన్నీ ఎడమకి ఒరుగుతాయి. పోయాక కూడా మెడనొప్పి ఎందుకురా?"

"పటం ఒరగదు బావా. నీ గడియారాలు ఒక్కోటీ ఒక్కో టైము చెబుతుంటే, చూసి చూసి ఈ వీధి జనానికే మెడలు ఒరిగాయి."

"అక్కా, నీ తమ్ముడికి కాఫీ ఇవ్వకు," అనేవాడు బావ లోపలికి వినిపించేలా. ఆయన కూడా పెళ్ళాన్ని ఎక్కిరించడానికి అక్కా అనే పిలిచేవాడు. కాఫీ మాత్రం వచ్చేది.

ఇలా సాగిపోవలసిన బతుకుల్లో ఒక రోజు పెద్ద పటం ఒకటి వచ్చిపడింది. ఏదో ఉద్యోగుల సంఘం వాళ్ళు వరసలు వరసలుగా నిలబడి తీయించుకున్న ఫొటో. నిలువెత్తు చట్రం. జిగురు ఆరేదాకా వేలాడదీయడానికి దుకాణంలో అంత ఎత్తున మేకు లేక, పటాలాయన స్టూలు మీద స్టూలు వేసుకుని, ఉమ్మడి గోడకి చిట్టచివర, కప్పు కింద దూలం ఆనిన చోటికి ఎక్కాడు. ఎక్కినా చట్టం మరవలేదు. అక్కడే మూడుసార్లు తట్టాడు. ఆగాడు. కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా, కానీ స్పష్టంగా రెండు తట్టులు వినిపించాయి. సుత్తి ఎత్తాడు.

నాలుగో దెబ్బకి అవతల ఏదో కుప్పకూలిన చప్పుడయింది.

పడింది బావకి గురువుగారిచ్చిన గోడగడియారం. ఆయన పని నేర్చుకున్నది దాని మీదే. వీధిలో ఎవరో కేకేస్తే, బావ మూల మీది మంగలి దుకాణంలోంచి మెడకి తువ్వాలుతో, ఒక చెంపన నురుగుతో పరిగెత్తుకొచ్చాడు. తాళం తీసి లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. అప్పటికి నురుగు ఆరిపోయి మొహం మీద సున్నంలా పగిలింది.

"తట్టావా?"

"తట్టాను బావా."

"మరి?"

"నువ్వు పలికావు."

"నా మొహం చూడరా. ఇంట్లో ఉన్నవాడి మొహమా ఇది?"

"అయితే అక్క పలికి ఉంటుంది."

"మీ అక్క బజారుకెళ్ళింది. ఇంటికి తాళం వేసి ఉంది. తాళం పలికిందా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

"మర్చిపోయానని చెప్పరా," అన్నాడు బావ గొంతు తగ్గించి. "తట్టడం మర్చిపోయాను బావా అను. ఒక్క ముక్క. ఇక్కడితో అయిపోతుంది."

పటాలాయన ఆ ఒక్క ముక్క అనలేకపోయాడు. మర్చిపోయి ఉంటే అనేవాడే. "తట్టాను, జవాబు వచ్చింది," అన్నాడు మళ్ళీ.

"పగలగొట్టింది చాలక అబద్ధం కూడానా?"

ఆ వీధిలో ఒకణ్ణి తాగుబోతు అనవచ్చు, సోమరి అనవచ్చు, మర్నాటికి కలిసిపోతారు. తట్టకుండా కొట్టినవాడని అనకూడదు. అందులోనూ నలుగురి ముందు, సొంత బావ. పటాలాయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి గోడలోంచి టిక్కుటిక్కు రావడం మానేసింది. బావ గడియారాలన్నీ ఉమ్మడి గోడ మీదినుంచి తీసి, ఐదో ఇంటి వైపు గోడకి మార్చేశాడు. పటాలాయన రంపం పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. 'నన్ను వెలేశాడు సరే, గోడని కూడా వెలేశాడు,' అనుకున్నాడు. ఆ పూటే తన వైపు మేకులన్నీ ఊడబీకి, పటాలు రెండో ఇంటి గోడకి మార్చాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ గోడకి ఇటూ అటూ ఏమీ లేదు. అంత ఖాళీగా, అంత శుభ్రంగా పేటలో మరో గోడ ఉండేది కాదు.

రాయబారం అక్క నడిపింది. అరుగు మీద నిలబడి, ఎటూ కాని దిక్కుకేసి చూస్తూ మాట్లాడేది.

"మీ బావ అడగమనలేదు గానీ, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"నేను చెప్పమన్నానని చెప్పకు గానీ, తగ్గింది. ఆయన కళ్ళజోడు మార్చాడా?"

"మార్చారు. నువ్వడిగావని చెప్పనులే."

పడిన గడియారాన్ని బావ మళ్ళీ నడిపించాడు. కానీ అది ఆ రోజునుంచీ ఆలస్యంగానే నడిచేది. ఎంత సరిచేసినా మధ్యాహ్నానికి వెనకబడేది.

ఇంతలో ప్రభుత్వం వారికి పాత పేట చారిత్రకం అని తెలిసింది. అందులో ఉంటున్నవాళ్ళకి అంతవరకూ అది ఇరుకు అనే తెలుసు. వీధి మొదట్లో ఒక ఇత్తడి పలక వెలిసింది. మనుషులొచ్చి గోడల్ని ఫొటోలు తీశారు, గుమ్మాలని కొలిచారు, ఉతికి ఆరేసిన లుంగీలు మాత్రం ఫొటోల్లో పడకుండా తీసేయమన్నారు. ఒకటో ఇల్లు ప్రదర్శనశాల అయింది. బావావాళ్ళు అద్దెకున్న నాలుగో ఇంటిని యజమాని ఎవరికో అమ్మాడు. కొన్నవాళ్ళు అందులో కాఫీ హోటలు పెడతామన్నారు. బావా అక్కా ఊరవతల ఫ్లాటుకి మారవలసి వచ్చింది.

సామాను బండి కదిలే రోజున పటాలాయన దుకాణంలో కూర్చుని ఒకే బద్దీని గరుకు కాగితంతో రుద్దుతూ ఉన్నాడు. నున్నబడ్డాక కూడా రుద్దాడు. గుమ్మంలో నీడ పడింది. బావ. రెండు చేతులా గుడ్డలో చుట్టిన గడియారాన్ని పసిబిడ్డలా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏదో అనబోతున్నట్టు ఉన్నాడు. 'అననీ, ముందు ఆయననే అననీ,' అనుకుని పటాలాయన బద్దీ మీదినుంచి తల ఎత్తలేదు. బండివాడు "సార్, ఎండెక్కుతోంది" అని అరిచాడు. నీడ వెళ్ళిపోయింది. తర్వాత చూసుకుంటే చేతిలో ఉన్నది ఎప్పుడో బావకోసం అని హాస్యానికి పక్కన పెట్టిన టేకు బద్దీ. హాస్యానికే అన్నాడు గానీ, పెట్టడం నిజంగానే పెట్టాడు.

ఆ చలికాలం బావ పోయాడు. పటాలాయన వెళ్ళి, వచ్చిన జనంలో వెనక వరసలో, ఎవరో దూరపు పరిచయస్తుడిలా నిలబడ్డాడు. పోయినవాళ్ళ ఫొటోలు తెచ్చి ఇచ్చేవాళ్ళకోసం బతుకంతా కాచుకున్న మనిషి, ఆ ఒక్క ఫొటో అడగలేకపోయాడు. అక్క ఇవ్వలేదు. ఇద్దరూ ఒకే రక్తం. తిరిగొచ్చి బద్దీని అటక మీద పెట్టాడు.

కొన్ని నెలలకి కాఫీ హోటలు వాళ్ళు ఆయనకి కబురు పెట్టారు. పాత పేట ఫొటోలు సేకరించారట, పటాలు కట్టి గోడలకి తగిలించాలట. అలా ఇన్నేళ్ళకి ఆయన బావ ఇంట్లో అడుగు పెట్టాడు. ఉమ్మడి గోడ మీద సున్నం మాసిన చోట గుండ్రంగా, నలుచదరంగా తెల్లని మచ్చలున్నాయి. ఒకప్పుడు గడియారాలున్న చోట్లు.

"వాటి మీద మాత్రం ఏమీ తగిలించకండి," అన్నాడు హోటలు కుర్రాడు భక్తిగా. "చారిత్రకం."

పటాలాయన ఎదుటి గోడకి స్టూలు వేసుకున్నాడు. అంతలో ఒక గైడమ్మాయి చూడ్డానికొచ్చిన జనాన్ని లోపలికి తోలుకొచ్చింది.

"అందరూ పైకి చూడండి. ఈమధ్య పూత ఒలిచినప్పుడు బయటపడింది ఈ దూలం సంగతి. ఇది ఒక్క ఇంటిది కాదు. ఇనప పట్టీలతో ఒకదానికొకటి అతికి, మొదటి ఇంటినుంచి చివరి ఇంటిదాకా గోడల్లోంచి దూసుకెళ్ళింది. ఇప్పుడు మావాళ్ళు ఒకటో ఇంట్లో దూలం పక్కన తడతారు. చప్పుడు చెయ్యకుండా వినండి."

టక్, టక్, టక్. నెత్తిమీదే కొట్టినట్టు వినిపించింది. జనం ఆహా అన్నారు.

తర్వాత అటు చివరినుంచి, కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా, రెండు తట్టులు వచ్చాయి.

జనం చప్పట్లు కొట్టారు. గైడమ్మాయి మాత్రం తెల్లబోయింది. "రెండోది మా ప్రోగ్రాంలో లేదండీ," అంది.

పటాలాయన స్టూలు మీద సుత్తి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ రెండు తట్టుల్నీ ఆయన ఎరుగును. ఇన్నేళ్ళూ వాటిని మనసులో ఎన్నిసార్లు విన్నాడో, చివరికి తానే కల్పించుకున్నానేమో అన్న అనుమానం దాకా వచ్చాడు. దిగి, సుత్తితో సహా వీధిలోకి నడిచాడు.

ఆరో ఇంట్లో ఒక ముసలి టీచరమ్మ ఉంటుంది. పేటలో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. ముందుగదిలో గోడవారగా, దూలం కింద పడక్కుర్చీలో, పైదాకా అందే పొడుగాటి చేతికర్రతో కూర్చుని ఉంది.

"ఏరా, సుత్తి పట్టుకొచ్చావు? నేనింకా పోలేదు."

"టీచరమ్మా, ఇప్పుడు గోడ తట్టింది మీరేనా?"

"నేనే. ఎవరో తట్టారు. జవాబివ్వకపోతే మర్యాదేనా?"

"వాళ్ళు తట్టింది మిమ్మల్ని కాదండీ."

"అది నాకెలా తెలుస్తుంది? ఎప్పుడో ఒకసారి ఈ పైన వినిపిస్తూ ఉంటుంది. ఐదో ఇంటివాళ్ళు పాపం మేకు కొట్టుకుంటారు కాబోలనుకుని పలుకుతాను."

"ఐదో ఇంటికి ఎప్పణ్ణుంచో తాళమే కదండీ."

"అలాగా?" అంది టీచరమ్మ. "మరైతే ఎవరు తట్టేవాళ్ళు?"

పటాలాయన సుత్తి కింద పెట్టాడు. "మా బావ గడియారం పడ్డ రోజు మీకు గుర్తుందా?"

"గొడవ గుర్తుంది. మీ గొడవ మీ గోడది. నా గోడ తట్టారా లేదా అన్నది ఇప్పుడెలా చెప్పను? తట్టి ఉంటే పలికే ఉంటాను. పలక్కుండా ఉన్న రోజు లేదు." ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఏరా, ఏమైనా పోయిందా?"

"గడియారమండీ," అన్నాడు పటాలాయన. "చాలాకాలం కిందట."

ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆవిడ చేసిన నేరమల్లా మర్యాద. తను చేసింది అందరూ గుండెల ఎత్తున తట్టే గోడని స్టూలెక్కి కప్పు కింద తట్టడం. బావ చేసింది గడ్డం గీయించుకోవడం. ఈ మూడింటికీ కలిపి ఇన్నేళ్ళ శిక్ష.

ఆ సాయంత్రమే అక్క ఫ్లాటుకి వెళ్ళాడు. గురువుగారి గడియారం అక్కడ గోడకి ఉంది, యథాప్రకారం వెనకబడి. పై అంతస్తులో ఎవరో డ్రిల్లు పెట్టి గోడ తొలుస్తున్నారు. తట్టడం లేదు, అడగడం లేదు. ఆ రొదలోనే దూలం సంగతి, టీచరమ్మ సంగతి మొత్తం చెప్పాడు. చెప్పి, తీర్పు వినడానికి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నువ్వు అబద్ధమాడలేదని ఆయనకి తెలుసురా," అంది అక్క.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రాత్రే అన్నారు. 'వాడు అబద్ధమాడే రకం కాదే. ఆ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయో అదే అంతుపట్టడం లేదు,' అని. మర్నాడు గడియారాలు అటు మార్చింది అందుకే. 'వాడికి పొద్దస్తమానూ మేకులతోనే పని. ఇకమీద నా వైపు పడేదేం ఉండదు, హాయిగా కొట్టుకుంటాడు,' అన్నారు."

పటాలాయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "నేను వెలేశాడనుకున్నాను."

"నువ్వు మేకులు కొట్టడం మానేశావు. ఆయనేమో, 'నేనిచ్చిన గోడ కూడా వద్దన్నాడు చూశావా,' అని బాధపడ్డారు."

"మరి పిలవలేదేం?"

"నువ్వొస్తావనుకున్నారు."

"నేను ఆయన పిలుస్తాడనుకున్నాను. నువ్వైనా చెప్పొచ్చు కదే అక్కా?"

అక్క కొంగు అంచు మడతపెట్టి, మళ్ళీ విప్పింది. "'మా మధ్య నువ్వు దూరకు, గోడ చాలు,' అన్నారు. బతుకంతా ఆయన వద్దన్నవే చేశాను. ఇదొక్కటే మాట విన్నాను. ఇది వినకుండా ఉండాల్సింది."

పైన డ్రిల్లు ఆగింది. అక్క లేచి, మడతపెట్టిన బట్టల కిందినుంచి ఒక ఫొటో తీసి ఇచ్చింది. బావ పనిబల్ల ముందు, ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, రెండో కంటితో ఫొటో తీసేవాణ్ణి విసుక్కుంటున్నాడు.

"ఇక్కడ కింద ఒక షాపుంది. ఫొటో ఇస్తే సాయంత్రానికి కట్టి ఇస్తారట. ఇవ్వబుద్ధి కాలేదు," అంది.

"నేను కట్టింది ఒరుగుతుందనేవాడు."

"అవును. ఒరిగేదే కావాలి."

టేకు బద్దీ అటక దిగింది. పటాలాయన ఇంత తీరిగ్గా ఏ పటమూ కట్టలేదు. మూలలు రెండుసార్లు విప్పి మళ్ళీ కలిపాడు. అద్దం తుడిచి తుడిచి, లోపల బావకి విసుగు ఎక్కువైనట్టు కనిపించాక ఆపాడు.

పటం పట్టుకుని ఫ్లాటుకి వెళ్ళిన రోజు అక్క చోటు చూపించింది, గడియారం పక్కనే. ఆయన మేకు పెట్టి, సుత్తి తీసి, ముందు వేలి కణుపులతో మూడుసార్లు తట్టాడు. ఆగాడు.

"ఇక్కడ ఎవరూ పలకరురా," అంది అక్క మెల్లగా. "కొట్టెయ్."

ఆయన మళ్ళీ తట్టాడు. మళ్ళీ ఆగాడు. కాసేపటికి తలుపు గంట మోగింది. పక్క ఫ్లాటాయన, చేతిలో టీవీ రిమోటుతో.

"ఏమండీ, గోడ కొడుతున్నారా?"

"ఇంకా లేదండీ. తట్టానంతే. మీ వైపు ఈ గోడకి ఏమైనా తగిలించి ఉందా?"

ఆయన ఎన్నడూ ఎరగని ఈ ప్రశ్న గురించి ఆలోచించాడు. "అద్దం ఉందండీ."

"ఒక్క క్షణం పట్టుకుంటారా?"

ఆయన వింతగా చూసి వెళ్ళాడు. కాసేపటికి గోడ అవతలనుంచి "ఆఁ, కొట్టండి!" అని వినిపించింది.

పటాలాయన సుత్తి ఎత్తాడు. దించాడు. సుత్తిని కుర్చీలో పెట్టి, బయటికెళ్ళి, పక్క ఫ్లాటు తెరిచి ఉన్న తలుపులోంచి తొంగి చూశాడు. ఆయన రెండు చేతులా అద్దం పట్టుకుని, చంకలో రిమోటుతో, అద్దంలో తన మొహాన్నే చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"మీరేనా పలికింది?" అన్నాడు పటాలాయన.

"నేను కాక ఇంకెవరండీ?"

అవును, ఇంతే. ఆ రోజు నాలుగడుగులు వేసి బావ గుమ్మం చూసి ఉంటే, తాళం కనిపించేది. స్టూలు దిగి మళ్ళీ ఎక్కడానికి బద్ధకించాడు. అంతకు మించి ఏమీ లేదు.

వెనక్కి వచ్చి మేకు కొట్టాడు. సిమెంటు గోడ, మొదటి మేకు వంగింది. రెండోది దిగింది. పటం తగిలించి, దూరంగా జరిగి, అక్క పక్కన నిలబడ్డాడు. గడియారం తన ఆలస్యంలో తాను నడుస్తోంది. ఇద్దరూ చాలాసేపు చూశారు.

"ఎడమకి ఒరిగిందిరా," అంది అక్క.

సరిచెయ్యడానికి చెయ్యెత్తి, పటాలాయన మళ్ళీ దించేశాడు.